శైలం, ఉద్యానం, వాటం: జపాన్ తోటల సంప్రదాయాంగాలూ పంజగుట్ట – అమీర్‌పేట రాతినేలా

జపాన్ తోటను పరిచయం చేసే రచనలు సాధారణంగా ఒక జాబితాతో మొదలవుతాయి. రాళ్లు, చెరువు, తెల్లని ఇసుక, నాచు, రాతి దీపస్తంభం, చిన్న వంతెన, అడుగురాళ్లు, వెదురు కంచె అని అంగాలను వరుసగా పేర్కొని, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ప్రతీకార్థం చెప్పి ముగించడం వాటి పద్ధతి. హైదరాబాద్ నగర మధ్యంలో ఈ జాబితా వస్తురూపం ధరించింది. అమీర్‌పేట నుంచి పంజగుట్ట మీదుగా బంజారాహిల్స్ వైపు ఎక్కే దారుల్లో, కొత్త నివాస సముదాయాల ముంగిళ్లలో, హోటళ్ల ప్రవేశమార్గాల్లో సిమెంటుతో పోతపోసిన దీపస్తంభాలు, గులకరాళ్లు పరిచిన చారెడు నేల, కుండీలో కురచ చేసిన మర్రి కనిపిస్తాయి. పునాదులు తీసేటప్పుడు అక్కడి నేలలోనే పుట్టిన గ్రానైటు గుండ్లను పగలగొట్టి లారీల్లో తరలించడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. సొంత రాయిని తొలగించి, రాయికే ప్రథమస్థానం ఇచ్చిన సంప్రదాయపు బొమ్మను దాని చోట నిలపడం ఒక సౌందర్యశాస్త్ర సమస్య. దానికి తెలుగు కావ్య సంప్రదాయంతోనూ, ఈ ప్రాంతపు స్థలనామాలతోనూ ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాయి కోరిక

అంగాల జాబితాకే ఒక చరిత్ర ఉంది. టోక్యోలో వాస్తుశిల్పం బోధించిన ఆంగ్లేయుడు జొసాయా కాండర్ 1893లో జపాన్ తోటలపై వెలువరించిన గ్రంథం దీపస్తంభాలను, వంతెనలను, కంచెలను, రాళ్లను రకాలవారీగా బొమ్మలతో విడదీసి చూపింది. పరదేశపు పాఠకునికి అది గొప్ప సౌకర్యం. ఒక్కొక్క అంగాన్ని విడిగా కొనుక్కోవచ్చునన్న భ్రమకు కూడా అటువంటి పుస్తకాలే దారి వేశాయి. ప్రపంచ ప్రదర్శనల్లో, ధనికుల తోటల్లో జపాన్ తోట ఎగుమతి సరుకుగా మారిన కాలమూ అదే.

అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే రూపొందిన 'సకుతెయికి' మార్గం వేరు. పదకొండో శతాబ్దికి చెందిన ఈ గ్రంథాన్ని తచిబానా నో తోషిత్సునా (1028–1094) రచనగా భావిస్తారు. తోట వేయడం అన్న పనికి ఇందులో వాడిన మాటకు అర్థం 'రాళ్లు నిలపడం'. చెట్లు నాటడం, నీరు పారించడం ఆ తరువాతివి. ఒక ముఖ్యమైన రాయిని ముందు నిలిపి, మిగిలిన రాళ్లను ఆ రాయి కోరిన తీరును అనుసరించి అమర్చుకోవాలని గ్రంథకర్త బోధిస్తాడు. ప్రకృతిలో నిలువుగా ఉన్న రాయిని పడుకోబెట్టినా, పడుకొని ఉన్నదాన్ని నిలబెట్టినా అది పగబట్టి ఇంటివారికి కీడు చేస్తుందని హెచ్చరిస్తాడు. దీన్ని మూఢవిశ్వాసంగా తీసివేయడం సులభం. విమర్శకుని దృష్టిలో ఇది కర్తృత్వానికి సంబంధించిన ఒక సిద్ధాంతం. కర్త స్థానంలో మనిషి ఒక్కడే లేడు, రాయి కూడా ఉంది.

రాయి 'కోరిక' అన్న ఆ జపాన్ మాటకు తెలుగులో సరైన సమానపదం 'వాటం'. గాలివాటం, చేతివాటం వంటి సమాసాల్లో ఈ మాట వస్తువు తనంత తాను మొగ్గే దిక్కును సూచిస్తుంది. గ్రానైటు పొరను చూసి ఏ వైపు దెబ్బ వేస్తే ఎటు చీలుతుందో నిర్ణయించే వడ్డెరల పనికీ వాటం ఎరగడమే ఆధారం. సమ్మెట ఎత్తేముందు బండ చుట్టూ తిరిగి చూసే ఆ చూపూ, సకుతెయికి రచయిత చెప్పే చూపూ ఒకే జాతివి. చూపు ఒకటే అయినా ఫలితం వేరు. ఒకరు రాయిని చీల్చడానికి వాటం చూస్తారు, మరొకరు నిలపడానికి చూస్తారు. 'కోరిక', 'అభ్యర్థన' వంటి అనువాదాలు రాయికి మానవత్వం ఆరోపించి ఊరుకుంటాయి. 'వాటం' రాయిని రాయిగానే ఉంచి దానికి దిక్కునిస్తుంది.

కావ్యంలో రెండు గదులు

తెలుగు పాఠకుని మనసులో 'తోట' అన్న మాట లేపే బొమ్మ మరొకటి. మామిడి, గున్నమావి నెక్కిన మల్లెతీగ, కోయిల, తుమ్మెద, సరస్సు, మలయమారుతం అందులో ఉంటాయి, రాయి ఉండదు. దీనికి కావ్యశాస్త్రంలో స్పష్టమైన కారణం దొరుకుతుంది. దండి 'కావ్యాదర్శం'లోనూ, ఓరుగల్లు ఆస్థానంలో విద్యానాథుడు రచించిన 'ప్రతాపరుద్రీయం'లోనూ చెప్పిన మహాకావ్య వర్ణనల్లో శైలం ఒకటి, ఉద్యానం మరొకటి. రెండూ వేర్వేరు సందర్భాలకు కేటాయించినవి. కొండ వేటకు, తపస్సుకు, దండయాత్రకు చెందినది. ఉద్యానం శృంగారానికి, విరహానికి చెందినది. పదహారో శతాబ్ది ప్రబంధకవులు ఈ విభజనను చాలావరకు అంగీకరించి, ఆ రెండు గదుల లోపలే అపారమైన వైవిధ్యం చూపారు. గోల్కొండ పాలకుడు ఇబ్రహీం కుతుబ్‌షాకు అద్దంకి గంగాధరకవి అంకితమిచ్చిన 'తపతీ సంవరణోపాఖ్యానం'లో రాజు తపతిని చూసేది కొండ మీద. గోల్కొండ రాళ్ల నడుమ వినిపించిన కావ్యం కాబట్టి ఈ సంగతి ఆసక్తికరమే కాని, దాని శైలం సంస్కృత కథనుంచి వచ్చినది.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది, అది బలమైనదే. కావ్యోద్యానాల్లో క్రీడాశైలం ఉంటుంది కదా? 'మేఘసందేశం'లో యక్షుని ఇంటి వాపి ఒడ్డున ఇంద్రనీల శిఖరాలతో, బంగారు అరటుల వలయంతో ఒక కేళీశైలం ఉంది. తెలుగు ప్రబంధాలకూ కేళీశైలాలు పరిచితమే. కాని కేళీశైలం రత్నాలతో చేసిన కొండ. అది విలువ చేత ఉద్యానంలోకి వచ్చింది, ప్రేమికుల విహారం కోసం వచ్చింది. అక్కడ రాయి తన గరుకుతనాన్ని వదులుకొని రత్నమైతేనే ప్రవేశం. జపాన్ తోటలో నాచు పట్టిన, వానకు నల్లబడిన మామూలు రాయికి దక్కిన గౌరవం ఈ రత్నశైలానికి దక్కిన గౌరవంతో సమానం కాదు.

ఈ రెండు గదుల నడుమ గోడను పగలగొట్టిన తెలుగు కావ్యం ఒకటి ఉంది. రామరాజభూషణుని 'వసుచరిత్ర' మూలకథ భారతం ఆదిపర్వంలోని ఉపరిచర వసువు వృత్తాంతం. నన్నయ తెలుగులోనూ అది ఉంది. కోలాహల పర్వతం శుక్తిమతీ నదిని మోహించి అడ్డగిస్తుంది. వసురాజు కాలితో తన్ని నదికి దారి కల్పిస్తాడు. కొండకూ నదికీ పుట్టిన గిరిక ఆ రాజునే వరిస్తుంది. జపాన్ భాషలో తోటకు, భూదృశ్యానికి వాడే 'సన్‌సుయి' అన్న మాటకు కొండ–నీరు అని అర్థం. నీరు లేని తోటను 'కరెసన్‌సుయి' అంటారు, అంటే ఎండిన కొండ–నీరు. వసుచరిత్ర కథాబీజం అక్షరాలా ఒక కొండ, ఒక నీరు. కొండకు కోరిక ఉందనీ, ఆ కోరిక సంతానవంతమనీ చెప్పిన కావ్యం తెలుగులో ఇది. శ్లేష కోసమూ, సంగీతగుణం కోసమూ మాత్రమే దీన్ని మెచ్చుకొనే అలవాటు విమర్శలో స్థిరపడిపోవడం వల్ల, రాయిని పాత్రగా చేసిన సాహసం వెనకబడింది.

పోలిక ఇక్కడితో ఆపితే అది పొగడ్త అవుతుంది, విమర్శ కాదు. కోలాహలుని కోరిక బలాత్కారం. నది అంగీకరించలేదు, అందుచేత రాజు పాదం న్యాయమైనది. సకుతెయికిలో రాయి కోరిక ప్రమాణం, మనిషి దానికి లోబడేవాడు. వసుచరిత్రలో రాయి కోరిక అపరాధం, రాజు దాన్ని శిక్షించేవాడు. అడ్డమైన కొండను తొలగించడం ధర్మమన్న భావన ఈ కథలో ఎంత అందంగా కుదిరిందంటే, అది ప్రశ్నకు నిలిచే భావన అని కూడా తోచదు. నగరంలో దారికి అడ్డమైన గుట్టకు పట్టిన గతికి కావ్యాన్ని బాధ్యునిగా చేయడం తగదు. డైనమైటు పెట్టినవారు వసుచరిత్ర చదివి పెట్టలేదు. కొండ తొలగడం సహజమనిపించే ఒక ఊహ భాషలో ముందే ఉందని చెప్పడం మాత్రం సమంజసం.

జపాన్ ముఖంగా హైదరాబాద్

హైదరాబాద్ జపాన్ వైపు చూడకపోలేదు. నిజాం రాజ్యంలో విద్యాశాఖకు నాయకత్వం వహించిన సయ్యద్ రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్లి, అక్కడి విద్యావిధానంపై రాసిన గ్రంథం 1923లో వెలువడింది. దేశభాషలో ఉన్నతవిద్య బోధించడం సాధ్యమని నిరూపించుకోవలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి జపాన్ ఒక ఉదాహరణ. తోటలు ఆ చూపులో ప్రధానం కాలేదు. చాలా కాలం తరువాత సాహిత్యం హైకూ ద్వారా జపాన్ వైపు తిరిగింది. ఇస్మాయిల్ 'కప్పల నిశ్శబ్దం' (1997) ఆ మార్గంలో ముఖ్యమైన మజిలీ. హైకూ విషయంలోనూ తొలి చర్చలు అంగాల చుట్టూనే నడిచాయి. అక్షరాల లెక్క, మూడు పాదాలు, రుతువాచకం, కప్ప, చంద్రుడు వంటివే చర్చకు వచ్చాయి. రెండు దృశ్యాల మధ్య కవి విడిచిన ఎడం గురించి మాట్లాడినవారు తక్కువ. జపాన్ కళల్లో 'మా' అని పిలిచే ఆ ఖాళీకి శూన్యం, విరామం అన్న అనువాదాల కంటే 'ఎడం' దగ్గరగా ఉంటుంది. రెండు వస్తువులు ఉంటేనే ఎడం ఉంటుంది. శూన్యానికి ఆ నియమం లేదు.

ఈ సందర్భంలో ఆచార్య నాగార్జునుని ప్రస్తావన తప్పదు. జపాన్ బౌద్ధంలో ఆయన 'ర్యూజు' పేరుతో ఎనిమిది శాఖలకు మూలపురుషుడుగా పూజితుడు. కృష్ణాతీరంతో ఆయన పేరు ముడిపడి ఉండడం చేత, క్యోటోలోని ర్యోఅంజి ఇసుక తోట నాగార్జునకొండ శూన్యవాదానికి రాతిరూపమని చెప్పాలన్న ఉత్సాహం తెలుగువారికి కలగడం సహజం. పంజగుట్టలో నాగార్జున హిల్స్ అన్న కాలనీ కూడా ఉండడంతో ఉపన్యాసాలకు మంచి ముడిసరుకు దొరుకుతుంది. ఈ ఉత్సాహానికి ఆధారం బలహీనం. 'జెన్ తోట' అన్న మాటే ఆంగ్లంలో లొరెయిన్ కక్ 1935లో వెలువరించిన క్యోటో తోటల పుస్తకంతో ప్రచారంలోకి వచ్చింది. మధ్యయుగపు తోటలను నేరుగా జెన్ తత్త్వానికి అనువాదాలుగా చదవడం ఆధునికుల కల్పన అని వైబ్ కౌటర్ట్ వంటి పరిశోధకులు వాదించారు. ర్యోఅంజి తోట కర్త ఎవరన్నదీ, కాలం ఏదన్నదీ నేటికీ వివాదమే.

భారతదేశం నుంచి జపాన్ తోటకు చేరిన అంగం ఏదైనా ఉంటే అది శూన్యం కాదు, మేరువు. 'నిహోన్ షోకి' చరిత్రగ్రంథం 612వ సంవత్సరం కింద, కొరియా నుంచి వచ్చిన ఒక శిల్పి సుయికో మహారాణి దక్షిణ ప్రాంగణంలో 'షుమిసెన్'ను నిర్మించాడని నమోదు చేసింది. షుమిసెన్ అంటే సుమేరు పర్వతం. తోటలో నిలిపిన నడిమి రాయి మేరువన్న ఊహ ఆ తరువాత శతాబ్దాలపాటు నిలిచింది. తెలుగునాట మేరువు దేవాలయ విమానంగా, శ్రీచక్రంగా, జపమాలలో నాయకపూసగా మారింది. తోటలో రాయిగా మాత్రం నిలబడలేదు.

పేర్లలో మిగిలిన కొండ

పంజగుట్ట అన్న పేరును విడదీసినవారు సాధారణంగా 'పంజ్' అంటే ఐదు అని పర్షియన్ అర్థం చెప్పి, ఐదు గుట్టలు అంటారు. 'పంజా' అంటే అరచేయి అనే అర్థమూ ఉంది. మొదటి భాగం ఏదైనా రెండో భాగం మీద వివాదం లేదు. గుట్ట తెలుగు. ర్యోఅంజిలో 15 రాళ్లు ఐదు గుంపులుగా ఉండడం, ఇక్కడి జనవ్యుత్పత్తిలో ఐదు గుట్టలు ఉండడం కేవలం కాకతాళీయం. ఐనా ఒక సంగతి పోల్చదగింది. ర్యోఅంజి వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒక రాయి మరొకదాని చాటున పడి, పదిహేనూ ఒక్కసారిగా కనిపించవు. పంజగుట్ట కూడలిలో నిలబడినవారికి ఒక్క గుట్టా కనిపించదు. అక్కడ చాటు రచన, ఇక్కడ చాటు వాణిజ్యం. పంపులూ వంతెనలూ అద్దాల గోడలూ గుట్టను మింగిన చోట పేరు ఒక్కటే ఎత్తును గుర్తుపెట్టుకొంది.

ఎర్రమంజిల్ పేరు ఇంకా జటిలమైనది. నవాబు ఫక్రుల్ ముల్క్ పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఇక్కడి గుట్ట మీద భవనం కట్టించాడు. తెలుగు ప్రజలు ఆ చోటును ఎర్రటి మిట్టగా ఎరుగుదురు. నవాబు పెట్టిన పేరు ఇరం మంజిల్. ఇరం ఖురానులో ప్రస్తావించిన స్తంభాల నగరం. పర్షియన్ సాహిత్యంలో అది షద్దాదు స్వర్గానికి పోటీగా నిర్మించిన తోట. పర్షియన్ చెవికి స్వర్గోద్యానం, తెలుగు చెవికి ఎర్రమట్టి. ఒకే శబ్దం రెండు భాషల్లో రెండు అర్థాలు ఇవ్వడం శ్లేష. రామరాజభూషణుని కావ్యంలో పండితులు పొగిడే శ్లేష ఇక్కడ ఊరిపేరులో, ప్రయత్నం లేకుండా కుదిరింది. నిజానికి ఇది అంతకంటే ఎక్కువ. శైలమూ ఉద్యానమూ ఒకే మాటలో కలిసిన అరుదైన చోటు ఇది. కావ్యశాస్త్రం విడదీసిన రెండు గదులను ద్విభాషా వ్యవహారం కలిపింది.

అమీర్‌పేటకు వస్తే పేర్ల తీరు మారుతుంది. అమీరు ప్రభువు, పేట తెలుగు వాడ. నగరాభివృద్ధి సంస్థ ఇక్కడ కట్టిన బహుళ అంతస్తుల వాణిజ్య సముదాయం పేరు మైత్రీవనం. కంప్యూటరు కోర్సుల బోర్డులు గోడలను కప్పేసిన ఆ చోట వనం ఏనాడూ ఉద్దేశంలో లేదు. ఎర్రమంజిల్ ఒక నేలను పేరుగా మార్చింది. మైత్రీవనం ఒక పేరును నేల లేకుండానే నిలబెట్టింది. సిమెంటు దీపస్తంభపు 'జపాన్ తోట' ఈ రెండో కోవకు చెందినది.

జపాన్ తోట అంగాలన్నిటిలో అరువు దృశ్యం అత్యంత సున్నితమైనది. 'షక్కెయి' అని పిలిచే ఈ పద్ధతిలో తోట ప్రహరీ బయట దూరంగా ఉన్న కొండను, కంచె మీదుగా, చెట్ల మొదళ్ల నడుమ కనిపించేట్టు చేసి తోటలో భాగంగా స్వీకరిస్తారు. చైనాలో జి చెంగ్ 1631 నాటి 'యువాన్ యె'లో దీన్ని విపులంగా చర్చించాడు. క్యోటో ఉత్తరాన ఎంత్సూజి తోట హియెయ్ పర్వతాన్ని అరువు తెచ్చుకొంది. అరువిచ్చినది తోట యజమాని సొత్తు కాదు కాబట్టి, మధ్యలో ఒక్క ఎత్తైన భవనం లేస్తే తోట పోతుంది. ఆ భయంతోనే క్యోటో నగరం 2007లో ప్రకటించిన భూదృశ్య విధానంలో 38 చోట్ల చూపుకు అడ్డం రాకుండా కట్టడాల ఎత్తుకు హద్దులు పెట్టింది. ఒక సౌందర్యాంగాన్ని పురపాలక శాసనం కాపాడిన ఉదంతం ఇది. అలంకారశాస్త్రంలో చర్చించే అంగానికి ఇంతటి లౌకిక వ్యయం ఉంటుందని గుర్తించడం విమర్శకు అవసరం. ఊరంతా సహకరించకపోతే షక్కెయి ఒక్కరి కళగా నిలబడదు.

పంజగుట్ట ప్రాంతంలో ఇందుకు సమీపమైన వివాదం 2019లో నడిచింది. ఎర్రమంజిల్ భవనం స్థానంలో శాసనసభ సముదాయం కట్టాలన్న ప్రభుత్వ నిర్ణయాన్ని తెలంగాణ హైకోర్టు ఆ ఏడాది సెప్టెంబరులో కొట్టివేసింది. వాదం ప్రధానంగా భవనం వారసత్వ హోదా చుట్టూ తిరిగింది. గోడలు, కమానులు, గచ్చు పని చర్చకు వచ్చాయి. పేరులోని మొదటి సగానికి కారణమైన ఎర్రమిట్టకు ఏ హోదా దక్కాలన్నది ఆ చర్చలో ప్రధానాంశం కాలేదు. రాళ్లనే వారసత్వంగా గుర్తించాలని కోరుతూ 1996 నుంచి హైదరాబాద్‌లో సేవ్ రాక్స్ సొసైటీ పనిచేస్తున్నది. దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసున్న గ్రానైటుకు వారసత్వ హోదా కోసం దరఖాస్తు పెట్టుకోవలసి రావడంలో ఒక వింత ఉంది. మనిషి చేయి పడిన వస్తువునే వారసత్వంగా చూసే దృష్టికి, రత్నమైతేనే ఉద్యానంలోకి అనుమతించిన కేళీశైలపు దృష్టికి చుట్టరికం ఉంది.

బావిలోని రాయి

రాయీ నీరూ విడిపోకుండా నేటికీ కలిసి ఉన్న చోటు అమీర్‌పేటను ఆనుకొనే ఉంది. బల్కంపేట ఎల్లమ్మ మూలవిరాట్టు నేలమట్టానికి దాదాపు పది అడుగుల దిగువన బావిలో వెలసింది. బావి నీరే తీర్థం. ఆషాఢంలో కల్యాణానికి లక్షలాదిగా జనం వస్తారు. చూడవలసినదాన్ని ఎత్తున నిలిపే ఆలయ వాస్తు ఇక్కడ తలకిందులైంది. భక్తుడు తల ఎత్తడు, దించుతాడు.

జపాన్‌లో మందిర నిర్మాణాలకు ముందు దైవం దిగే చోటుగా కొన్ని సహజ శిలలను ఆరాధించేవారు. వాటిని 'ఇవాకురా' అంటారు. గడ్డితాడు కట్టి ఆ రాయి మామూలు రాయి కాదని గుర్తు పెడతారు. తోటలో రాళ్లు నిలిపే కళకు ఈ ఆరాధనతో ఉన్న బంధుత్వాన్ని చాలామంది చరిత్రకారులు చెప్పారు. తెలంగాణ పల్లె నడుమ పాతిన బొడ్రాయి, వేపచెట్టు కింద పసుపు కుంకుమలు పూసిన పోచమ్మ రాయి అదే కుదురుకు చెందినవి. తేయాకు తోటలో అంగాలను తీర్చినవారిలో అగ్రగణ్యుడు సెన్ నో రిక్యూ (1522–1591). ఆ తోటదారికి 'రోజి' అని పేరు. మంచు పడిన నేల అని దాని అర్థం. సద్ధర్మపుండరీకంలో కాలుతున్న ఇంటినుంచి బయటపడిన పిల్లలు కూర్చున్న ఆరుబయలును చెప్పే మాట అది. ఆ దారిలో అతిథి 'సుకుబాయి' అన్న పల్లపు రాతితొట్టి వద్ద వంగి చేతులూ నోరూ కడుగుకొంటాడు. నిటారుగా నిలబడి అందుకొనేట్టు తొట్టిని ఎత్తు చేయవచ్చు, చేయరు. వంచడమే దాని పని. బల్కంపేటలో బావి లోతుకూ అదే పని. ఒక చోట అది మర్యాద, మరొక చోట భక్తి. రెంటిలోనూ అంగం శరీరాన్ని ఒక భంగిమలోకి తెస్తున్నది. సిమెంటు దీపస్తంభం ఎవరినీ ఏ భంగిమలోకీ తేదు. పక్కన నిలబడి ఫోటో తీసుకొంటారు.

తెలుగు సాహిత్య విమర్శ ఎల్లమ్మను కథాగేయాల ద్వారా, రేణుక వృత్తాంతం ద్వారా, బైండ్ల జమిడిక ద్వారా చదివింది. అవన్నీ వాగ్రూపాలు. బావి, దాని లోతు, మెట్లు, తడి అన్నవి పాఠంగా పరిగణనకు రాలేదు. స్థలాన్ని పాఠంగా చదివే పద్ధతికి జపాన్ తోటల విమర్శ ఇవ్వగల సాయం ఇక్కడే ఉంది. ఎల్లమ్మ బావి జపాన్ తోట అని ఎవరూ అనబోరు. ఆ పోలిక రెండింటికీ అన్యాయం.

రాయి వెనుక పేరు

ర్యోఅంజి తోటలో గోడవైపు ఉన్న ఒక రాయి వెనుక భాగాన కొతారో అన్న పేరు, దాని పక్కన మరొక పేరు చెక్కి ఉన్నాయి. చూపరులకు అవి కనిపించవు. వీరు నదీతీర జనులన్న అర్థంలో 'కవారమోనో' అని పిలిచిన అంటరాని శ్రామికవర్గానికి చెందినవారని పరిశోధకుల ఊహ. చచ్చిన పశువుల తోళ్లు తీసే పని, బావులు తవ్వే పని, మట్టి పని చేసిన ఈ వర్గంనుంచే మధ్యయుగంలో తోట నిపుణులు వచ్చారు. షోగన్ అషికగా యొషిమసా మన్నన పొందిన జెనామి వారిలో ప్రసిద్ధుడు. జెన్ గురువుల ధ్యానఫలంగా ప్రపంచం మెచ్చుకొనే అంగాలను చేతులతో నిలిపినవారు ఊరి అంచున బతికినవారు. అంగాల ప్రతీకార్థాలు వివరించే పుస్తకాల్లో ఈ సంగతికి దక్కే చోటు ఒకటి రెండు వాక్యాలే.

పంజగుట్ట, బంజారాహిల్స్ బండలను పగలగొట్టి దారులు, పునాదులు, ప్రహరీలు చేసినవారిలో వడ్డెరలు ముఖ్యులు. వారి భాషలో రాయికి ఉన్న పేర్లు కావ్యశైలానికి లేవు. నేలను అంటి పరుచుకొన్నది బండ, విడిగా దొర్లి నిలిచినది గుండు, చిన్నది రాయి, పొడి అయినది కంకర. గ్రానైటు రూపభేదాలను, వాటి వాటాన్ని ఇంత దగ్గరగా ఎరిగిన పదజాలం ఆ వృత్తివారి నోటనే ఉంది. వృత్తిపదకోశాల నిర్మాణంలో తెలుగుకు పేరున్న సంప్రదాయం ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కాలంనుంచి వ్యవసాయ, చేనేత, వాస్తు వృత్తుల పదాలను సేకరించిన అనుభవం ఉంది. హైదరాబాద్ నగర పరిధిలో రాతిపనివారి మాటలను అదే శ్రద్ధతో సేకరించడానికి ఇంకా కొంత కాలమే మిగిలి ఉంది, యంత్రాలు సమ్మెటను తొలగించిన చోట వాటం అన్న మాటకు పని ఉండదు.

అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో రైలు 2018 సెప్టెంబరులో నడవడం మొదలైంది. ఆ దారిలో పంజగుట్ట, ఎర్రమంజిల్ వరుసగా వచ్చే స్టేషన్లు. పట్టాలు ఎత్తైన స్తంభాల మీద సాగుతాయి. నేల ఎత్తుపల్లాలను ఆ స్తంభాల కొలతలు సర్దుకొంటాయి కాబట్టి పెట్టెలో కూర్చున్నవారికి గుట్ట తెలియదు, స్టేషను పేరు చెప్పే గొంతులో తప్ప. ఎర్రమంజిల్ స్టేషను మెట్లు దిగి పాత భవనం వైపు నడిచేవారికి మాత్రం పిక్కల్లో ఎక్కుడు తెలుస్తుంది.